బ్రాంచి పేరుకు రెండు రూపాయల వడ్డీ

ఎంసెట్ ర్యాంకులొచ్చిన పదిహేను రోజుల్లో ఈ శీర్షికకు వచ్చినన్ని ఉత్తరాలు మిగతా ఏడాదంతా కలిపినా రావు. (ఈఏపీసెట్ అని పేరు మార్చి ఏళ్లయింది గానీ, మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే.) కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో: మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. తెనాలిలో బీయస్సీ, తర్వాత ఎంసీఏ చదివి 1999లో హైదరాబాదు బస్సెక్కాను. అప్పట్నుంచీ సాఫ్ట్‌వేరే. పన్నెండేళ్లుగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కాలేజీల గురించి నాకు తెలిసిందంతా అక్కడ చదివి నా ఎదురుగా వచ్చి కూర్చున్న పిల్లల్ని చూసి తెలుసుకున్నదే. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాకు రెండెకరాల మిర్చి చేను ఉంది. మా పెద్దమ్మాయి ర్యాంకుకు కన్వీనర్ కోటాలో యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చేలా ఉంది. ఇప్పుడంతా ఏఐ అని అందరూ అంటున్నారు. ఒక ప్రైవేటు కాలేజీ తరఫు మనిషి ఇంటికొచ్చి, యాజమాన్య కోటాలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) సీటు ఇప్పిస్తానన్నాడు. ఫీజులు కాక పైన 8 లక్షలు అడుగుతున్నాడు. అరెకరం అమ్మాలి, లేదా అప్పు తేవాలి. ఆలస్యమైతే సీటు పోతుందని రోజూ ఫోను. ఏం చెయ్యమంటారు?
- ఒక తండ్రి, పల్నాడు జిల్లా

అన్నయ్యగారూ, ముందు లెక్క చూద్దాం. మీ వైపు అప్పు రెండు రూపాయల వడ్డీకి దొరికిందనుకోండి. 8 లక్షల మీద నెలకు 16,000. అమ్మాయి నాలుగేళ్లు చదివి, అంతా బాగుండి, క్యాంపస్‌లో ఒక పెద్ద కంపెనీలో మామూలు ఉద్యోగమే వచ్చిందనుకుందాం. ఏడాదికి మూడున్నర లక్షల ప్యాకేజీ అంటారు. పీఎఫ్, ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ లాంటివన్నీ ఆ అంకెలోనే కలిపి చెబుతారు కాబట్టి చేతికొచ్చేది నెలకు ఓ పాతిక వేలు. అందులో 16,000 వడ్డీకే పోతే హాస్టలు అద్దె కట్టి, తిని, మీకు ఏం పంపుతుంది? అప్పు అసలు అలాగే ఉంటుంది. ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. మా టీములో ఒకబ్బాయి మూడేళ్లు ఇదే పని చేశాడు. నెల మొదటి తారీఖున జీతం పడగానే సగం పైన ఊళ్లో వడ్డీకి పంపేవాడు.

ఇక ఆ 8 లక్షలకు మీరు కొంటున్నదేమిటి? కంప్యూటరే కావాలంటే మామూలు సీఎస్‌ఈ కన్వీనర్ కోటాలోనూ దొరుకుతుంది కాబట్టి, సీఎస్‌ఈకీ, సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్‌కీ ఉన్న తేడా. యూనివర్సిటీ సిలబస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అమ్మాయిని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడమనండి. మొదటి ఏడాది ఒకటే. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథమ్యాటిక్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ ఇద్దరికీ దాదాపు ఒకటే. మూడో ఏడాది నుంచి వీళ్లకు మెషిన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్ లాంటివి నాలుగైదు సబ్జెక్టులు ఎక్కువుంటాయి. వాటిని మామూలు సీఎస్‌ఈ పిల్లలు ఎలక్టివ్స్‌గా తీసుకోవచ్చు. ఈసీఈలో ఉన్న మీ అమ్మాయికి కూడా దారి మూసుకుపోలేదు. చాలా అటానమస్ కాలేజీల్లో, యూనివర్సిటీ కాలేజీల్లో వేరే బ్రాంచి సబ్జెక్టులు ఓ 18-20 క్రెడిట్లు అదనంగా చదివితే మైనర్ డిగ్రీ ఇస్తారు. ఈసీఈ మేజరు, కంప్యూటర్స్ మైనరు అని పట్టాలోనే ఉంటుంది. వందల మందిని ఒకేసారి తీసుకునే సర్వీస్ కంపెనీల రాతపరీక్షకు ఏ బ్రాంచి వాళ్లయినా కూర్చోవచ్చు. వాళ్లు చూసేది 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) లేకపోవడం. పైగా ఈసీఈ వాళ్లకు ఎక్కువగా తెరుచుకునే గుమ్మం ఇంకొకటుంది, చిప్ డిజైన్. క్వాల్‌కమ్, ఏఎండీ, మైక్రాన్ లాంటివాళ్లకు హైదరాబాదులోనే పెద్ద ఆఫీసులున్నాయి. అక్కడ అడిగేది డిజిటల్ ఎలక్ట్రానిక్స్, వీఎల్‌ఎస్‌ఐ. ఏఐ-ఎంఎల్ పిల్లలకు వీఎల్‌ఎస్‌ఐ పేపరు మామూలుగా ఉండదు.

ఒక సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఒకే కాలేజీ నుంచి వరసగా ఇద్దరొచ్చారు. ఒకమ్మాయి ఏఐ-ఎంఎల్. రెజ్యూమెలో మనిషి మొహం గుర్తుపట్టే ప్రాజెక్టు, పంట తెగులు కనిపెట్టే ప్రాజెక్టు ఉన్నాయి. అడిగితే రెండూ నలుగురు కలిసి చేసినవి, ప్రోగ్రాం మాత్రం బయట కొన్నారు. పిల్ల అబద్ధం చెప్పలేక తల దించుకుంది. రెండో అబ్బాయిది ఈఈఈ (ఎలక్ట్రికల్). వాళ్ల నాన్న ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. వెన్న శాతాన్ని బట్టి లీటరు రేటు కట్టి, పది రోజులకోసారి ఇంటింటికీ బిల్లు తీసే ప్రోగ్రాం వీడు రాశాడు. చూడ్డానికి అందంగా ఏమీ లేదు. "పాలు పోస్తుండగా కరెంటు పోతే?" అన్నాను. వాడు నవ్వేశాడు. మొదటి నెల అదే జరిగిందట. పాల లెక్క ఎక్కింది, డబ్బు లెక్క ఎక్కలేదు. ఒకావిడ వచ్చి వాళ్ల నాన్నను నలుగురి ముందు నిలదీసిందట. అప్పుడు కూర్చుని వెతికితే, రెండు లెక్కలూ కలిపి ఎక్కాలి, లేదంటే రెండూ ఎక్కకూడదు అనే పద్ధతి డేటాబేస్‌లో ముందే ఉందని తెలిసిందట. దాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. సీఎస్‌ఈలో ఒక యూనిట్ మొత్తం అదే. ఈఈఈ కుర్రాడు ఆ పాలావిడ దగ్గర నేర్చుకున్నాడు. ఉద్యోగం ఎవరికొచ్చి ఉంటుందో మీకు తెలుసు.

నేనైతే యూనివర్సిటీ కాలేజీ ఈసీఈకి పంపుతాను. కానీ మీ ఉత్తరంలో ఒకటి లేదు. అమ్మాయి ఏమంటోంది? తనకు సర్క్యూట్లంటే వెగటు, కంప్యూటరే కావాలంటే, వెబ్ ఆప్షన్లలో కన్వీనర్ కోటాలోనే ఇంకాస్త చిన్న కాలేజీలో మామూలు సీఎస్‌ఈ పెట్టుకోమనండి. 2024లో ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) బాగా నడిచే కాలేజీల్లో ఒక్కో బ్రాంచికి ఇన్నే సీట్లన్న హద్దు తీసేసింది. కంప్యూటర్ సీట్లకు కరువు లేదు. కాలేజీ చూడ్డానికి వెళితే పొద్దున పది గంటలకు వెళ్లకండి, ఆఫీసు గదిలో కూల్‌డ్రింక్ ఇచ్చి పంపేస్తారు. సాయంత్రం నాలుగుకు వెళ్లి, బస్సుల దగ్గర నిలబడ్డ మూడో ఏడాది పిల్లల్ని అడగండి: డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెప్పారు, ఏడాది మధ్యలో ఎంతమంది టీచర్లు మారారు, ల్యాబ్‌లో ఒక్కో మిషను ముందు ఎంతమంది కూర్చుంటారు. హోర్డింగ్ మీద 40 లక్షల ప్యాకేజీ కుర్రాడి ఫొటో చూపిస్తే, ఆ సెక్షన్‌లో మిగతా 65 మందికి ఏమొచ్చిందని అడగండి. ఆఫర్లు ఎన్నని కాదు, ఎంతమంది చేరారని. ఒకే పిల్లకు మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే కాలేజీలున్నాయి.

ఆ మనిషి 8 లక్షలకు రసీదు ఇస్తానన్నాడా? ఇవ్వడు. ఫోను ఎత్తకండి.

ప్రశ్న: అక్కా, నేను బీయస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ ఫైనలియర్. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా నాన్న దుబాయిలో ఉంటాడు, వచ్చే ఏడు వచ్చేస్తానంటున్నాడు. ఎంసీఏ చేయాలా, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని ఉద్యోగం చూసుకోవాలా? ఇంగ్లిషులో మాట్లాడాలంటే టెన్షన్‌తో గొంతు ఆరిపోతుంది.
- జగిత్యాల

తమ్ముడూ, నీ గొంతు ఆరిపోయే సంగతి ముందు మాట్లాడదాం, అది నాకు బాగా తెలిసిన జబ్బు. 1999లో నా మొదటి ఇంటర్వ్యూ బేగంపేటలో. "వాట్ ఈజ్ ఎ ఫైల్?" అని అడిగారు. మూడేళ్లు ఎంసీఏ చదివినదాన్ని. జవాబు బుర్రలో ఉంది, నోట్లోకి రాలేదు. ఫైల్ ఈజ్... ఫైల్ ఈజ్... అంటూ ఉండిపోయాను. ఎదురుగా ఉన్న పెద్దాయన జాలిపడి బోర్డు మీద రాయమని చాక్‌పీసు ఇచ్చారు. రాశాను. కానీ ఉద్యోగం రాలేదు. హాస్టలుకొచ్చి ఏడుస్తుంటే, నా గదిలో ఉండే తమిళమ్మాయి ఏమైందని అడిగింది. ఆమెకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. అడిగింది కాబట్టి ఎలాగోలా చెప్పాలి. ఆ రాత్రి నుంచి రోజూ ఆ పిల్లకు అరగంట ఏదో ఒకటి చెప్పేదాన్ని, నా ఇంగ్లిషు చూసి నవ్వేది, తన ఇంగ్లిషు చూసి నేను నవ్వేదాన్ని. నాలుగు నెలల్లో గొంతు తడారడం ఆగింది. నీకు తమిళ రూమ్మేటు దొరక్కపోతే ఫోను ఉందిగా. రోజూ ఒక టాపిక్ మూడు నిమిషాలు మాట్లాడి రికార్డు చెయ్యి. విను. విన్నప్పుడు సిగ్గేస్తుంది, అదే మందు. గ్రామర్ కోసం ఆగిపోకు. ఇంటర్వ్యూలో నేను నీ నుంచి ఇంగ్లిషు పాఠం కోరను, నువ్వు చేసిన పని నాకు అర్థమయ్యేలా చెబితే చాలు. మధ్యలో మాట దొరక్కపోతే కాగితం అడిగి బొమ్మ గీయి.

ఇక కోర్సు. ఎంసీఏ 2020 నుంచి చాలాచోట్ల రెండేళ్లే. మా రోజుల్లో మూడు. నీకు డిగ్రీలో మ్యాథ్స్ ఉంది కాబట్టి మన రాష్ట్రాల ఎంసీఏ ప్రవేశపరీక్ష ఐసెట్‌తో ఆగిపోకుండా నిమ్‌సెట్ రాయి. ఎన్‌ఐటీల్లో ఎంసీఏ సీట్లకు అదే పరీక్ష, వరంగల్ ఎన్‌ఐటీలో కూడా ఎంసీఏ ఉంది. అందులో సగానికి పైగా లెక్కలు, రీజనింగే ఉంటాయి. మ్యాథ్స్ బీయస్సీ చదివినవాడివి, అక్కడ నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు. ఐసెట్‌లో వస్తే యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో చేరు. గల్లీ చివర రెండు గదుల్లో నడిచే ఎంసీఏ అయితే నేను వద్దంటాను. ఆ రెండేళ్లు వృథా.

ఇంట్లో డబ్బు అవసరం తోసుకొస్తుంటే ఇంకో దారుంది. బీయస్సీ, బీసీఏ వాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివించే పథకాలు కొన్ని కంపెనీలకున్నాయి. విప్రో వాళ్ల విల్ప్ అందులో పాతది. స్టైఫండ్ తక్కువ, బాండ్ ఉంటుంది, శనివారాలు క్లాసుల్లోనే పోతాయి. కానీ చేతిలో జీతం, చివర్లో పట్టా. ఫైనలియర్‌లో ఉండగానే వెతికి అప్లై చెయ్యి.

అమీర్‌పేటను నేను తిట్టను. మైత్రీవనం పక్క సందులో మూడో అంతస్తులో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకునే నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. అరవై మందికి ఒక క్లాసు, కంప్యూటర్ ముందు కూర్చునే వంతు రాత్రి పదికి వచ్చేది. అక్కడ ఒక భాషో, ఒక టూలో మూడు నెలల్లో బాగా చెబుతారు. డేటాబేస్ ఎందుకు అలా పని చేస్తుందో చెప్పరు, అది వాళ్ల పని కాదు. అందుకే డిగ్రీ మీదకు అమీర్‌పేట నంజుకోవడానికి బాగుంటుంది, అదే అన్నం అనుకుంటే కష్టం. అయినా ఇప్పుడు సగం సంస్థలు ఆన్‌లైన్లోనే చెబుతున్నాయి, జగిత్యాలలో కూర్చుని వినొచ్చు. హాస్టలు ఖర్చు మిగులుతుంది.

ఇంకొకటి. నీ డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉందని అంత చిన్నగా రాశావేం? డేటా సైన్స్ అని లక్షలు కట్టి చదివే పిల్లలకు రాని ముక్క అదే. ప్రాబబిలిటీ, రిగ్రెషన్ పుస్తకాలు అమ్మెయ్యకు.

ప్రశ్న: మా బాబు బీటెక్ సీఎస్‌ఈలో చేరాడు. లక్షన్నర గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు, ఏఐకి గ్రాఫిక్ కార్డు తప్పనిసరి అంటున్నాడు. నిజమేనా?
- ఒక తల్లి, ఖమ్మం

తెలివైనవాడమ్మా మీవాడు. మొదటి రెండేళ్లు వాడు రాసే సీ, జావా, పైథాన్ ప్రోగ్రాములకు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, ఎక్కువే. మూడో ఏడాదిలో నిజంగా గ్రాఫిక్ కార్డు అవసరమైతే గూగుల్ కోల్యాబ్ అనే ఆన్‌లైన్ సేవలో కొంతమేర ఉచితంగా దొరుకుతుంది. ఆ మాట వాడితో అనండి. మొహంలో వెలుగు తగ్గితే కార్డు దేనికో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను బైపీసీ. రెండుసార్లు నీట్ రాశాను, రాలేదు. ఇప్పుడు కంప్యూటర్ వైపు వెళ్లాలనుంది. లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. ఆలస్యమైపోయిందా?
- అనంతపురం

రెండేళ్లు లాంగ్ టర్మ్ హాస్టల్లో కూర్చుని చదివినదానివి, ఓపికలో నిన్ను మించినవాళ్లుండరు. బీటెక్ సీఎస్‌ఈకి ఇంటర్‌లో లెక్కలుండాలి కాబట్టి ఆ తలుపు మూసినట్టే. బీసీఏ ఉంది. కొన్ని యూనివర్సిటీలు ఇంటర్‌లో మ్యాథ్స్ అడుగుతాయి, కొన్ని అడగవు, చేరే ముందు అదొక్కటి కనుక్కో. తర్వాత ఎంసీఏ చెయ్యాలన్నా లెక్కలు లేనివాళ్లకు బ్రిడ్జ్ కోర్సు పెట్టుకోవచ్చని ఏఐసీటీఈ నిబంధనల్లో ఉంది.

నేను నీకు ఇంకొకటి కూడా చూడమంటాను. ఐఐటీ మద్రాసు డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ నడుపుతోంది. జేఈఈ అక్కర్లేదు, ఇంటర్ ఏ గ్రూపైనా సరే, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిషు చదివుంటే చాలు. నాలుగు వారాలు పాఠాలు చెప్పి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్లను తీసుకుంటారు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం సెంటరుకు వెళ్లి రాయాలి. మధ్యలో ఆపినా ఫౌండేషన్‌కో, డిప్లొమాకో సర్టిఫికెట్ ఇస్తారు. తేలిక అనుకోకు, మొదటి మెట్టులోనే లెక్కలు, స్టాటిస్టిక్స్ చుక్కలు చూపిస్తాయి. ఇప్పట్నుంచి రెండు నెలలు ఇంటర్ లెక్కల పుస్తకాలు పట్టుకో, ఫంక్షన్స్, మాత్రికల దగ్గర మొదలుపెట్టు. బీసీఏలో చేరి, పక్కన ఇదీ చేస్తున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు ఆసుపత్రుల రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తోంది. డాక్టర్లు రాసిన పదాలు మిగతా టీముకు అర్థం కాకపోతే ఆమెనే పిలుస్తారట, బైపీసీ కదా.

ప్రశ్న: 2022లో బీటెక్ సివిల్ పాసయ్యాను. సరైన ఉద్యోగం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 2 లక్షలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు, పేస్లిప్పులు ఇస్తామంటున్నారు. ఇంటర్వ్యూలో సాయానికి వేరే మనిషి ఉంటాడట. మా ఫ్రెండ్స్ ఇద్దరు ఇలాగే చేరారు. పేరు వేయకండి.

బాబూ, వేయడం లేదు, ఊరు కూడా తీసేశాను.

మీ ఫ్రెండ్స్ చేరారు సరే, రెండేళ్లయ్యాక ఎక్కడున్నారో నాకు రాయండి. ఉద్యోగంలో చేరేటప్పుడు మీ యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతా నంబరు అడుగుతారు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే ఏ కంపెనీ, ఏ నెల నుంచి ఏ నెల దాకా మీకు పీఎఫ్ కట్టిందో కనబడుతుంది. ఆదాయపన్ను రికార్డు తీస్తే జీతంలో కోసిన పన్ను లెక్క కనబడుతుంది. కాగితం మీద మూడేళ్లుండి అక్కడ సున్నా ఉంటే చెప్పేదేముంది? చేరిన ఆరు నెలలకు, ఏడాదికి కూడా ఈ తనిఖీలో దొరికి వెళ్లిపోయినవాళ్లను చూశాను. ఉద్యోగం పోవడమే కాదు, ఆ కంపెనీలో మళ్లీ అడుగు పెట్టనివ్వరు.

ఆ వేరే మనిషి సంగతి. కోవిడ్ రోజుల్లో ఫోను ఇంటర్వ్యూలో ఒకబ్బాయి జవాబులు చకచకా చెప్పాడు. చేరిన రోజు నేనే పలకరించాను, గొంతు వేరే. అదే ప్రశ్న మళ్లీ అడిగాను. నేల చూశాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఎంత కట్టావురా అంటే లక్షా ఎనభై, అమ్మ గొలుసు అన్నాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. అయినా హెచ్‌ఆర్‌కు చెప్పాల్సింది చెప్పాను.

మీకు దారి లేదని కాదు. గ్యాప్‌ను గ్యాప్ అనే రాయండి. సివిల్ వాళ్ల పనిలోనూ ఇప్పుడు సగం కంప్యూటరే. బిల్డింగ్ మోడలింగ్, జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపులు, క్వాంటిటీ లెక్కలు. సర్వే, కాంటూర్లు తెలిసినవాడు పైథాన్‌తో మ్యాపు డేటా మీద పని చేయడం నేర్చుకుంటే, అచ్చంగా కంప్యూటరే చదివినవాడికి లేని తెలివి అది. ఏడాది పడుతుంది, మొదటి జీతం చిన్నది. ఆ 2 లక్షలు అలాగే ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ హెడ్మాస్టరును. మనవడు సీఎస్‌ఈయే కావాలంటున్నాడు. ఏఐ వచ్చి ప్రోగ్రాములు అదే రాస్తోందని, సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందని రోజూ వింటున్నాను. ఆపాలా, వదిలెయ్యాలా?
- రాజమహేంద్రవరం

మాస్టారూ, నమస్కారం. సాఫ్ట్‌వేర్ అయిపోయిందన్న మాట నేను వినడం ఇది మూడోసారి. 2000 సంవత్సరం వస్తే ఏడాదిని రెండంకెల్లో రాసిన తేదీలన్నీ తప్పుతాయని మా చేత రాత్రింబవళ్లు పాత కోబాల్ ప్రోగ్రాములు దిద్దించారు. 1999 డిసెంబర్ 31 రాత్రి ఆఫీసులోనే ఉన్నాను. ఆ పని అయిపోయింది, 2001లో నా ఉద్యోగమూ అయిపోయింది. పదకొండు నెలలు ఖాళీ, ఊళ్లో మా అమ్మ అందరికీ సెలవు మీద వచ్చిందని చెప్పేది. 2008-09లో మళ్లీ అదే మాట. ఇప్పుడు ఇది. అందుకని ఏమీ కాదులెండి అని మీకు చెప్పను. ఈసారి దెబ్బ తగిలింది కొత్తగా వచ్చేవాళ్లకే. ఇంతకు ముందు కొత్త పిల్లలకు ఇచ్చే చిన్న పనులు, అంటే టెస్టింగ్, చిన్న చిన్న దిద్దుబాట్లు, వాటిలో చాలా భాగం ఇప్పుడు మిషన్ చేత చేయిస్తున్నాం. నేనూ చేయిస్తున్నాను. వందమందిని తీసుకుని ఆరు నెలలు తర్ఫీదు ఇచ్చే రోజులు తగ్గాయి.

మరి మేం ఎవర్ని తీసుకుంటున్నాం? ఈ మధ్య నేను ఇంటర్వ్యూలో ప్రోగ్రాం రాయమనడం మానేశాను. మిషన్ రాసిన ప్రోగ్రాం ఇచ్చి తప్పు చెప్పమంటున్నాను. మీకు తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణే. లక్ష పేర్ల ఓటర్ల జాబితాలో రెండుసార్లు పడిన పేర్లు పట్టుకోవాలి. ప్రోగ్రాం ఏం చేస్తోందంటే, ఒక్కో పేరునూ తీసుకుని దాని కింద ఉన్న పేర్లన్నిటితో పోల్చి చూస్తోంది. యాభై పేర్ల మీద నడిపితే కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, తప్పేమీ లేదు. లక్ష పేర్లకు? దాదాపు 500 కోట్ల పోలికలు. కుర్రవాడు "పని చేస్తోంది కదా మేడమ్" అన్నాడు. మీరు పదో తరగతి నామినల్ రోల్స్ తయారు చేసినవారు, మీరైతే ఏం చేస్తారు? ముందు అక్షరక్రమంలో పెట్టిస్తారు. ఒకే పేరు రెండుసార్లుంటే పక్కపక్కకు వచ్చేస్తుంది, పైనుంచి కిందికి ఒక్కసారి చూస్తే చాలు. లక్ష పేర్లను క్రమంలో పెట్టడానికి ఓ 17 లక్షల పోలికలు. 500 కోట్లెక్కడ, 17 లక్షలెక్కడ! ఈ తెలివి డేటా స్ట్రక్చర్స్, ఆల్గోరిథమ్స్ అనే రెండు పేపర్లలో ఉంది. అడిగితే మిషన్ కూడా ఈ దారి చెబుతుంది. కానీ అడగాలని తోచాలి కదా. ఆ కుర్రవాడికి తోచలేదు. అతనికి 9.1 సీజీపీఏ.

కాబట్టి మనవడిని ఆపకండి, వదిలెయ్యకండి కూడా. కూర్చోబెట్టి ఒకటి అడగండి: లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతకడం వాడికి ఇష్టమా, విసుగా? మీరు లెక్కల మాస్టారో కాదో రాయలేదు గానీ, ఏ మాస్టారైనా ఇది పది నిమిషాల్లో పట్టేస్తారు. వెతకడం ఇష్టమైతే చేర్పించండి. ఫ్రెండ్సంతా చేరుతున్నారనే చేరుతుంటే ఈఈఈ ఉంది, బీయస్సీ స్టాటిస్టిక్స్ ఉంది. ఏఐ నిజంగా కావాలన్నా దాని వేరు ప్రాబబిలిటీలో, మాత్రికల్లో ఉంటుంది. ఎంటెక్ ప్రవేశపరీక్ష గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి వేరే పేపరు పెట్టారు. ఆ సిలబస్ మొదట్లోనే ఉన్నది లెక్కలు. దానికి సీఎస్‌ఈ వాళ్లే రాయాలన్న నియమం లేదు.

ప్రశ్న: పాలిటెక్నిక్ కంప్యూటర్ ఇంజినీరింగ్ ఫైనలియర్. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాలా, చిన్నదైనా ఉద్యోగంలో చేరాలా?
- అనకాపల్లి

ఈసెట్ రాయి నాయనా. తిన్నగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్తావు, ఇంట్లోవాళ్లకు ఒక ఏడాది ఫీజు మిగులుతుంది. డిప్లొమా పిల్లలు ల్యాబ్‌లో బెదరరు, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. ఇబ్బందల్లా ఒకటే. మొదటి ఏడాది బీటెక్ లెక్కలు మీరు చదవరు, రెండో ఏడాది ప్రాబబిలిటీ క్లాసులో సారు అవి వచ్చనుకుని ముందుకెళ్లిపోతాడు. అక్కడే చాలామందికి మొదటి బ్యాక్‌లాగు పడుతుంది. ఈసెట్ అయ్యాక క్లాసులు మొదలయ్యేలోగా ఉండే ఖాళీలో ఎం-1, ఎం-2 అనే మొదటి ఏడాది లెక్కల పుస్తకాల్లో మాత్రికలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఒకసారి చేసి ఉంచు. కొత్తవి కొనకు, సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతాయి, కిందా పైనా గీతలు గీసి మరీ.